చెవి ఎత్తున చేయి, చేతిలో చెప్పులు

2020 మార్చిలో, కరోనా మొదలైన రోజుల్లో, ఫ్రాన్స్ అధ్యక్షుడు మాక్రాన్ స్పెయిన్ రాజుకు చేయి చాచకుండా నమస్కారం పెట్టాడు. మన దగ్గర చాలామంది వెంటనే ఓ మాట అందుకున్నారు: ముట్టుకోకుండా పలకరించడం శుభ్రత తెలిసిన మన పెద్దల ఏర్పాటని. పాత గ్రంథాలు తిరగేస్తే ఆ మాట నిలవదు. వాటిలో ముట్టుకోవడం ఉంది. ఎవరు, ఎవరిని, ఎలా అన్నదే లెక్క.

గురువు పాదాలు పట్టేటప్పుడు చేతులు మార్చి పెట్టాలంటుంది మనుస్మృతి రెండో అధ్యాయం. ఎదురుగా వంగితే మన కుడిచేతికి తగిలేది ఆయన ఎడమపాదం. చేతులు ఒకదాని మీదుగా ఒకటి దాటిస్తేనే కుడి కుడికి, ఎడమ ఎడమకు అందుతాయి. పెళ్లిళ్లలో ఒంటిచేత్తో మోకాళ్ల దాకా వంగి లేచే ఇప్పటి దణ్ణంలో ఇదంతా పోయింది. అసలు దండమంటే కర్ర. కర్ర పడ్డట్టు నేలమీద పడితే దండప్రణామం. ఇప్పుడు నిలబడి చేతులు జోడించినా దణ్ణమే.

తెలుగు బ్రాహ్మణుల్లో చాలా కుటుంబాలది ఆపస్తంబ సూత్రం, అంటే ఆపస్తంబుడి పేర ఉన్న పాత నియమాలు. ఆపస్తంబ ధర్మసూత్రం అభివాదానికి, అంటే పెద్దలకు పెట్టే నమస్కారానికి, ఎత్తులు కూడా కట్టింది: బ్రాహ్మణుడు కుడిచేయి చెవి ఎత్తున, క్షత్రియుడు రొమ్ము ఎత్తున, వైశ్యుడు నడుము ఎత్తున చాచాలి, శూద్రుడు ఇంకా కిందికి. చేయి చూస్తే కులం తెలిసిపోవాలన్నమాట. చెప్పులతో, తలకు గుడ్డ చుట్టుకుని, చేతిలో ఏదైనా పట్టుకుని అభివాదం చేయకూడదన్నదీ అందులోదే.

చెప్పులు విడవడం అక్కడ శిష్యుడి మర్యాద. తెలంగాణలో దొరలుండే గడీల ముందు అది కూలి లేకుండా చాకిరీ చేసే వెట్టివాడి మెడకు చుట్టుకుంది. చెప్పులు చేతబట్టి, తలగుడ్డ తీసి, 'నీ బాంచెన్ దొరా, కాల్మొక్తా' అనాలి. అంటరానివాడనిపించుకున్నవాడికి ఆ మొక్కు నోటితోనే. ఆ కాళ్లను నిజంగా తాకితే మైల. 1946 జూలై 4న కడివెండి ఊళ్లో దొర మీద తిరగబడ్డ దొడ్డి కొమరయ్య తూటాకు బలయ్యాక, కమ్యూనిస్టులు నడిపిన రైతుల పోరాటం ఆయుధం పట్టింది. కమ్యూనిస్టుల లాల్ సలాంలో పిడికిలి తలకన్నా పైకి లేస్తుంది. చెవి ఎత్తు ఎవరిదో గుర్తుంటే అదేం చిన్న సంగతి కాదు.

రాజ్యాంగం 17వ అధికరణంతో అంటరానితనాన్ని రద్దు చేసింది. గుడి, బావి, హోటల్ దగ్గర అడ్డుకోవడం 1955 చట్టంతో నేరమైంది. చెప్పుల మాట చట్టంలోకి ఎక్కింది మాత్రం ఎస్సీ, ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టానికి 2015లో చేసిన సవరణతో. బహిరంగ స్థలంలో వాళ్లను చెప్పులు తొడుక్కోకుండా, సైకిలెక్కకుండా, కొత్తబట్టలు కట్టుకోకుండా అడ్డుకుంటే 2016 జనవరి 26 నుంచి శిక్ష ఉంది.