శాకాహారానికి మారితే: లాభనష్టాల లెక్క మారుతూ వచ్చిన వైనం

మాంసాహారం మానేసి శాకాహారానికి మారితే మేలా, కీడా అన్న ప్రశ్న చాలా పాతది. కానీ ఆ ప్రశ్నలోని మేలు, కీడు అనే మాటలకు అర్థం మాత్రం ఒక్కో కాలంలో ఒక్కో విధంగా ఉంటూ వచ్చింది. మొదట అది ఆత్మశుద్ధికి సంబంధించిన లెక్క; ఆ తర్వాత కండబలానికి, రక్తానికి, నరాలకు, గుండెకు సంబంధించిన లెక్క; ఇటీవలి దశాబ్దాలలో నేలకు, వాతావరణానికి కూడా సంబంధించిన లెక్క. ఈ చరిత్రను వరుసగా చూస్తే ఒక విషయం మళ్లీ మళ్లీ ఎదురవుతుంది. వాదించినవారు రెండు వైపులా మాంసం గురించే మాట్లాడారు. మాంసం తీసేసిన చోట పళ్లెంలోకి ఏమి వచ్చి చేరుతుందన్న సంగతిని మాత్రం చాలా ఆలస్యంగా పట్టించుకున్నారు.

క్రీస్తుపూర్వం 6వ శతాబ్దంలో గ్రీకు తత్త్వవేత్త పైథాగరస్ అనుచరులు, ఇంచుమించు అదే యుగంలో భారతదేశంలో జైన, బౌద్ధ ఆలోచనాపరులు జీవహింసను ప్రధానంగా నైతిక దృష్టితోనే చూశారు. ఐరోపాలో 19వ శతాబ్దం మధ్య వరకూ మాంసం లేని భోజనాన్ని పైథాగరస్ ఆహారం అనే పిలిచేవారు. 1847 సెప్టెంబరు 30న ఇంగ్లండ్‌లోని రామ్స్‌గేట్‌లో వెజిటేరియన్ సొసైటీ ఏర్పడిన తర్వాతే ఇప్పుడు వాడుకలో ఉన్న పేరు స్థిరపడింది. ఆ సంఘాన్ని స్థాపించినవారిలో సాల్ఫర్డ్‌కు చెందిన బైబిల్ క్రిస్టియన్ చర్చి సభ్యులు ఉండటం వల్ల అందులో మతధోరణి పాలు ఎక్కువే. అయితే అప్పటికే వాదన ఆరోగ్యం వైపు జరగడం మొదలైంది. అమెరికాలో సిల్వెస్టర్ గ్రాహం మాంసాన్ని, మద్యాన్ని, తెల్ల పిండి రొట్టెను ఒకే గాటన కట్టి, ఇవన్నీ శరీరాన్ని అనవసరంగా ఉద్రేకపరుస్తాయని ప్రచారం చేశాడు. ఆయన చెప్పిన కారణాలలో చాలావరకు తప్పే; పొట్టు తీయని గోధుమల విషయంలో మాత్రం ఆయన మాట నిలబడింది.

శాకాహారానికి బలమైన ఎదురుదెబ్బ మతం నుంచి కాక రసాయనశాస్త్రం నుంచి తగిలింది. 1840లలో జర్మన్ రసాయనవేత్త యుస్టుస్ ఫన్ లీబిగ్, కండరం పనిచేసినప్పుడల్లా తనలోని మాంసకృత్తులనే ఖర్చు చేస్తుందని, కనుక కష్టం చేసేవాడు ఆ లోటును మాంసకృత్తులతోనే పూడ్చుకోవాలని సిద్ధాంతీకరించాడు. ఆ సంప్రదాయంలోనే వచ్చిన కార్ల్ ఫోయిట్, ఒక మోస్తరు శ్రమ చేసే కార్మికుడికి రోజుకు 118 గ్రాముల మాంసకృత్తులు కావాలని లెక్క కట్టాడు. ఆ కాలంలో తగినంత భోజనం దొరికే కార్మికులు వాస్తవంగా ఎంత తింటున్నారో కొలిచి, అంతే అవసరమని తేల్చడం ఈ లెక్కలోని మూలదోషం. తింటున్నది వేరు, కావలసింది వేరు అన్న తేడా చెరిగిపోవడంతో, ఆ అంకెను అందుకోలేని శాకాహారం బలహీనుల భోజనమన్న ముద్ర పడింది. ఇప్పటికీ శాకాహారికి మొట్టమొదట ఎదురయ్యే ప్రశ్న మాంసకృత్తుల గురించే కావడం ఆ ముద్ర మిగిల్చిన జాడ అని నేననుకుంటాను.

లీబిగ్ సిద్ధాంతాన్ని ఒక పర్వతారోహణ దెబ్బతీసింది. 1865 ఆగస్టులో అడాల్ఫ్ ఫిక్, యోహానెస్ విస్లిసేనస్ అనే ఇద్దరు శాస్త్రవేత్తలు స్విట్జర్లాండ్‌లోని ఫాల్‌హార్న్ శిఖరాన్ని ఎక్కారు. ఎక్కడానికి ముందునుంచీ మాంసకృత్తులు దాదాపు లేని పిండిపదార్థాలు, కొవ్వు, చక్కెర మాత్రమే తీసుకుని, మాంసకృత్తులు ఖర్చయినప్పుడు మూత్రంలోకి చేరే నత్రజనిని కొలిచి, శరీరం ఎంత మాంసకృత్తులను ఖర్చు చేసిందో లెక్కగట్టారు. అంత శరీర బరువును అంత ఎత్తుకు మోయడానికి అవసరమైన శక్తికి ఆ మాంసకృత్తులు ఏమాత్రం చాలవని తేలింది. పనికి ఇంధనం పిండిపదార్థాలు, కొవ్వుల నుంచి వస్తోందన్నమాట. 1904లో యేల్ విశ్వవిద్యాలయ ఆచార్యుడు రసెల్ చిటెండెన్ తన మీద, సహోద్యోగుల మీద, సైనికుల మీద, క్రీడాకారుల మీద నెలల తరబడి జరిపిన పరిశీలనల ఫలితాలను ప్రచురించాడు. ఫోయిట్ చెప్పిన దానిలో సగంతోనే వారు బలంగా ఉన్నారని ఆయన చూపించాడు. నేడు ఆరోగ్యవంతులైన పెద్దలకు సూచించే పరిమాణం శరీర బరువులో కిలోకు 0.8 గ్రాముల దగ్గర ఉంది. 60 కిలోల మనిషికి ఇది 48 గ్రాములు. పప్పుధాన్యాలు, ధాన్యాలు, గింజలు కలిపి కడుపునిండా తినగలిగిన మనిషికి ఇది కష్టసాధ్యం కాదు.

ఒక దేశం దేశమే అనుకోకుండా ఈ పరీక్షకు లోనైన సందర్భం మొదటి ప్రపంచయుద్ధ కాలంలో వచ్చింది. దిగుమతులు ఆగిపోవడంతో డెన్మార్క్ ప్రభుత్వం వైద్యుడు మిక్కెల్ హిండ్‌హెడె సలహా మేరకు పందులకు వేసే ధాన్యాన్ని, బంగాళదుంపలను మనుషులకు మళ్లించి, పందుల మందలను భారీగా తగ్గించింది. ఆ కాలంలో కోపెన్‌హేగెన్‌లో మరణాల రేటు తగ్గినట్టు ఆయన 1920లో ప్రకటించాడు. శాకాహార ప్రచారకులు ఈ ఉదంతాన్ని తరచూ ఎత్తి చూపుతారు. అయితే అదే సమయంలో మద్యం తయారీకి ధాన్యం వాడకాన్ని కూడా బాగా కట్టడి చేశారన్న సంగతిని వారు అంతగా ప్రస్తావించరు. ఏది ఎంత మేలు చేసిందో విడదీయడం కుదరదు.

మాంసకృత్తుల భయం తగ్గుముఖం పట్టిన కాలంలోనే అసలైన నష్టం వేరే చోట బయటపడింది. 1926లో బోస్టన్ వైద్యులు జార్జ్ మైనాట్, విలియం మర్ఫీ అప్పటివరకు ప్రాణాంతకమైన ఒక రకం రక్తహీనతను రోజూ కాలేయం తినిపించి నయం చేయవచ్చని చూపించారు. కాలేయంలో ఉన్న ఆ పదార్థాన్ని 1948లో వేరు చేసి విటమిన్ బి12 అన్నారు. దీనిని బాక్టీరియా తప్ప మొక్కలు గానీ జంతువులు గానీ తయారు చేయలేవు. నెమరువేసే పశువుల కడుపులోని బాక్టీరియా తయారు చేసినదే వాటి మాంసంలోకి, పాలలోకి చేరుతుంది. కాబట్టి పాలు, గుడ్లు తీసుకునే శాకాహారికి కొంతైనా అందుతుంది. వాటిని కూడా మానినవారికి ఆహారం నుంచి నమ్మదగినంతగా అందదు.

ఈ సంగతి తెలియకముందే, 1944 నవంబరులో, డోనల్డ్ వాట్సన్, ఆయన మిత్రులు ఇంగ్లండ్‌లో వీగన్‌ల కోసం, అంటే పాలు, గుడ్లతో సహా జంతువుల నుంచి వచ్చే ఆహారమంతా మానినవారి కోసం, వీగన్ సొసైటీని ఏర్పాటు చేశారు. పాల కోసం దూడలను, గుడ్ల కోసం మగ కోడిపిల్లలను చంపక తప్పని వ్యవస్థను అంగీకరిస్తూ తాము అహింసావాదులమని చెప్పుకోవడం పొసగదన్నది వారి వాదన; తర్కం దృష్ట్యా దానిని కాదనడం కష్టం. కానీ కాలేయంలో బి12 నిల్వ కొన్ని సంవత్సరాలపాటు సరిపోతుంది కనుక, లోపం వెంటనే కనిపించక, కొత్త ఆహారం అన్ని విధాలా సరిపోతోందన్న భ్రమ కలుగుతుంది. 1950ల మధ్యలో బ్రిటిష్ వైద్యులు కొందరు వీగన్‌లలో ఈ లోపాన్ని నమోదు చేశారు. ఇందులో మరో మెలిక ఉంది. ఆకుకూరలలో, పప్పులలో సమృద్ధిగా ఉండే ఫోలేట్ అనే మరో బి విటమిన్ రక్తహీనతను కప్పిపుచ్చుతుంది. పైకి రక్తం బాగానే ఉన్నట్టు కనిపిస్తుండగా లోపల నరాలు దెబ్బతింటూ పోతాయి. ఎంత మంచి ఆకుకూరలు తింటే అంత ఆలస్యంగా జబ్బు బయటపడే ఈ పరిస్థితి శాకాహార చరిత్రలో అన్నిటికంటే విచిత్రమైనది. దీనికి పరిష్కారం మాత్రం చాలా తేలిక: బి12 మాత్రలు, లేదా ఆ విటమిన్‌ను కలిపిన ఆహారం.

1971లో అమెరికా రచయిత్రి ఫ్రాన్సెస్ మూర్ లాపే పశువులకు వేసే ధాన్యాన్ని మనుషులే తింటే ఎంత ఆదా అవుతుందో వివరిస్తూ, పప్పును, ధాన్యాన్ని ఒకే పూట జతచేసి తింటేనే మాంసకృత్తులు సంపూర్ణమవుతాయని సూచించింది. ఆ జతల లెక్క ఒక తరం పాఠకులకు తలనొప్పిగా మారింది. 1981 నాటికి ఆమె తానే ఆ సూచనను సడలించింది. రోజు మొత్తంలో వైవిధ్యం ఉంటే చాలు.

గుండెకు కలిగే మేలుకు ఆధారాలు ఆ తర్వాతి దశాబ్దాలలో సమకూరాయి. కాలిఫోర్నియాలోని లోమా లిండా కేంద్రంగా, పొగ, మద్యం ముట్టని అడ్వెంటిస్ట్ క్రైస్తవులపై 1950ల చివరి నుంచి పరిశోధనలు సాగాయి. 96,000 మందితో 2002లో మొదలైన పరిశీలన 2013లో వెలువరించిన ఫలితాలలో శాకాహారుల మొత్తం మరణాల రేటు 12 శాతం తక్కువగా ఉంది. కానీ బ్రిటన్‌లో 1993 నుంచి సుమారు 65,000 మందిని అనుసరించిన ఆక్స్‌ఫర్డ్ పరిశీలనలో మొత్తం మరణాలలో చెప్పుకోదగ్గ తేడా కనిపించలేదు. అదే పరిశీలన 2019లో శాకాహారులకు గుండె రక్తనాళాల జబ్బు ప్రమాదం 22 శాతం తక్కువని, పక్షవాతం ప్రమాదం 20 శాతం ఎక్కువని తెలిపింది. 2020లో వీగన్‌లలో ఎముకలు విరిగే ప్రమాదం 43 శాతం ఎక్కువని ప్రకటించింది. తక్కువ శరీర బరువు, కాల్షియం, మాంసకృత్తుల కొరత ఇందులో కొంతవరకే కారణాలు. ఇవన్నీ మనుషుల జీవితాలను గమనించి రాసిన లెక్కలే తప్ప ప్రయోగాలు కావు. శాకాహారాన్ని ఎంచుకునేవారు చాలాసార్లు పొగతాగడం, వ్యాయామం వంటి ఇతర విషయాలలో కూడా భిన్నంగా ఉంటారు. 2015లో ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన క్యాన్సర్ పరిశోధన విభాగం నిల్వ చేసిన మాంసాన్ని క్యాన్సర్ కారకాల మొదటి వర్గంలో చేర్చి, రోజుకు 50 గ్రాములు తింటే పెద్దపేగు క్యాన్సర్ ప్రమాదం 18 శాతం పెరుగుతుందని అంచనా వేసింది. ఆ వర్గం రుజువు ఎంత గట్టిదో చెబుతుంది కానీ ప్రమాదం ఎంత పెద్దదో చెప్పదు. అదే వర్గంలో ఉన్న పొగాకుతో సమానమని పతాక శీర్షికలు రాసినవారు ఈ తేడాను మరిచారు.

పళ్లెంలో మాంసం స్థానంలోకి ఏమి వచ్చిందన్న ప్రశ్నను సూటిగా వేసినది 2017లో హార్వర్డ్ పరిశోధకులు వెలువరించిన విశ్లేషణ. ముడిధాన్యాలు, కూరగాయలు, పండ్లు, గింజలు ఎక్కువగా తిన్నవారిలో గుండెజబ్బు ముప్పు తగ్గగా, తెల్ల పిండి, తీపి పానీయాలు, వేపుళ్లతో సాగే శాకాహారం తిన్నవారిలో అది పెరిగింది. రెండూ శాకాహారమే. ఇనుము విషయంలోనూ ఇంతే. మొక్కలలోని ఇనుము మాంసంలోని దానికంటే తక్కువగా ఒంటబడుతుంది; అందుకే శాకాహారులకు సుమారు 1.8 రెట్లు ఎక్కువ కావాలని అమెరికా పోషకాహార ప్రమాణాలు సూచిస్తాయి. విటమిన్ సి ఉన్న పండ్లతో కలిపి తినడం, గింజలను నానబెట్టడం, మొలకెత్తించడం ఈ లోటును తగ్గిస్తాయి. భోజనంతోపాటు తాగే టీ దానిని పెంచుతుంది. జింక్, అయోడిన్, చేపలలో దొరికే ఒమేగా-3 కొవ్వులకు కూడా ప్రత్యామ్నాయం చూసుకోవలసిందే.

పర్యావరణ వాదన 2006లో ఐక్యరాజ్యసమితి ఆహార, వ్యవసాయ సంస్థ పశుపోషణ వాటా గ్రీన్‌హౌస్ వాయువులలో 18 శాతమని చెప్పడంతో బలపడింది. 2013లో అదే సంస్థ ఆ అంకెను 14.5 శాతంగా సవరించింది. 2018లో 119 దేశాలలోని సుమారు 38,700 కమతాల సమాచారాన్ని క్రోడీకరించిన పరిశోధన, పశు ఉత్పత్తులు సాగుభూమిలో 83 శాతాన్ని వాడుకుంటూ కేలరీలలో 18 శాతాన్నే అందిస్తున్నాయని తేల్చింది. ఇందులోనే ఒక ఇబ్బందికర వివరం కూడా ఉంది: సమాన మాంసకృత్తుల లెక్కన చూస్తే జున్ను వల్ల వెలువడే వాయువులు సగటున కోడిమాంసం కంటే ఎక్కువ. కోడిని మాని జున్నుకు మారినవారు తమ సంతృప్తికి తగిన ఫలితాన్ని ప్రకృతికి ఇచ్చినట్టు కాదు.

ఖర్చు సంగతి దేశాన్ని బట్టి మారుతుంది. 2021లో వెలువడిన ఆక్స్‌ఫర్డ్ అంచనా ప్రకారం సంపన్న దేశాలలో ఆరోగ్యకరమైన శాకాహారం మామూలు భోజనం కంటే చౌక. పేద దేశాలలో ఎక్కువ భాగం పిండిపదార్థాలతో గడిచే ప్రస్తుత భోజనం కంటే అది ప్రియం. వయసు సంగతీ అంతే. అమెరికా ఆహార నిపుణుల సంఘం 2009లో, సరిగ్గా కూర్చుకున్న శాకాహారం, వీగన్ ఆహారం సహా, జీవితంలోని అన్ని దశలకూ తగినదేనని ప్రకటించగా, జర్మన్ పోషకాహార సంఘం 2016లో గర్భిణులు, బాలింతలు, పిల్లలు, కౌమార దశలో ఉన్నవారికి వీగన్ ఆహారాన్ని సిఫారసు చేయలేమని తేల్చింది. రెండింటి మధ్య ఉన్న తేడా ఆధారాలలో కంటే, ఆ సరిగ్గా కూర్చుకోవడమన్నది మామూలు కుటుంబం నిత్యం చేయగలదా లేదా అన్న నమ్మకంలోనే ఎక్కువగా ఉంది.