ఆ వెలుగు ఏ అణువుది?

ప్రియమైన పిల్లలకు, ఆశీస్సులు.

సేంద్రియ అణువులను వెలిగించడం మీరనుకున్నంత కష్టం కాదు. కనిపిస్తున్న వెలుగు ఫలానా అణువుదేనని తేల్చడమే కష్టం. యూనివర్సిటీ ల్యాబుల్లో ఈ పని చేసేవాళ్లకు ఎక్కువ కాలం పట్టేది అక్కడే.

ముందు అసలు సంగతి. ఏకబంధాలు, ద్విబంధాలు ఒకదాని తర్వాత ఒకటిగా ఉన్న అణువుల్లో కొన్ని ఎలక్ట్రాన్లు ఏ ఒక్క బంధానికీ కట్టుబడకుండా అణువంతా పరుచుకుని ఉంటాయి. అతినీలలోహిత కిరణం తగిలితే ఒక ఎలక్ట్రాన్ పై శక్తిస్థాయికి ఎగురుతుంది. అందిన శక్తిలో కొంత అణువు కంపనాలకు పోతుంది. మిగిలింది కొన్ని నానోసెకన్లలో కాంతిగా బయటికి వస్తుంది. దీన్నే ఫ్లోరెసెన్స్ అంటాం. కొంత శక్తి దారిలోనే ఖర్చయింది కాబట్టి వచ్చే కాంతి తరంగదైర్ఘ్యం పీల్చుకున్నదానికంటే ఎక్కువ. శాస్త్రవేత్త స్టోక్స్ 1852లో ఈ సంగతి చెప్పింది క్వినైన్ (మలేరియా మందు) వంటి పదార్థాలను చూసే. క్వినైన్ 350 నానోమీటర్ల దగ్గర పీల్చుకుని, 450 దగ్గర నీలంగా వెలుగుతుంది.

అణువులో ఒకదానికొకటి అతుక్కున్న కార్బన్ వలయాలు పెరిగేకొద్దీ రంగు ఎరుపు వైపు జరుగుతుంది. మూడు వలయాల ఆంత్రసీన్‌ది ఊదా కలిసిన నీలం, నాలుగు వలయాల టెట్రాసీన్‌ది ఆకుపచ్చ. అలా ఎన్నయినా కలుపుకుంటూ పోవచ్చుగా అంటారేమో. ఐదో వలయానికి వచ్చేసరికి అణువు గాలికీ వెలుతురుకీ తట్టుకోలేక పాడైపోతుంది.

తయారీకి ఒక ఉదాహరణ చెబుతాను: 9,10-డైఫినైల్ ఆంత్రసీన్, అంటే రెండు వైపులా ఫినైల్ వలయాలు తగిలించిన ఆంత్రసీన్. దీనికి వాడేది సుజుకి చర్య. బ్రోమిన్ ఉన్న అణువునూ బోరాన్ ఉన్న అణువునూ పలేడియం సాయంతో జతకలిపే పద్ధతి ఇది. (ఈ రకం చర్యలకే 2010లో హెక్, నెగిషి, సుజుకిలకు నోబెల్ వచ్చింది.) 336 మిల్లీగ్రాముల డైబ్రోమో ఆంత్రసీన్, అంటే 1 మిల్లీమోల్ (మోల్ అంటే అణువుల సంఖ్యను లెక్కగట్టే కొలమానం). దానికి 305 మిల్లీగ్రాముల ఫినైల్ బోరోనిక్ ఆమ్లం, అంటే 2.5 మిల్లీమోళ్లు. 15 మిల్లీలీటర్ల టోలీన్, 3 మిల్లీలీటర్ల ఇథనాల్, 2 మోలార్ పొటాషియం కార్బొనేట్ ద్రావణం 3 మిల్లీలీటర్లు. ఇందులోకి అరగంట నైట్రోజన్ బుడగలు పంపాక, అప్పుడు మాత్రమే 35 మిల్లీగ్రాముల పలేడియం టెట్రాకిస్ (చర్యను నడిపించే ఉత్ప్రేరకం) వేయాలి. ఆయిల్ బాత్‌ను 90 డిగ్రీల దగ్గర ఉంచి రాత్రంతా కలియబెట్టాలి. ఇదంతా ఫ్యూమ్‌హుడ్‌లో, తెలిసినవాళ్లు పక్కన ఉండగా చేసే పని.

ఆక్సిజన్ మిగిలిపోతే బోరోనిక్ ఆమ్లం తనలో తానే జతకట్టి బైఫినైల్ అవుతుంది, పలేడియం నల్లపొడిగా అడుగున చేరుతుంది. టెట్రాకిస్ పసుపుపచ్చగా ఉండాలి. గోధుమరంగుకు తిరిగితే పారేయండి, పొదుపు చూడొద్దు. చర్య మధ్యలో ఆగితే ఒక వైపు బ్రోమిన్ మిగిలిన అణువు దొరుకుతుంది. టీఎల్‌సీ ప్లేటు (మిశ్రమంలోని పదార్థాలను మచ్చలుగా విడదీసే పలక) మీద అది మన పదార్థానికి ఆనుకునే నడుస్తుంది కాబట్టి ఒకే మచ్చ కనబడిందని సంబరపడకూడదు. బరువైన బ్రోమిన్ వెలుగును బాగా తగ్గిస్తుంది కూడా. ఎన్‌ఎంఆర్ (అయస్కాంత క్షేత్రంలో అణువు నిర్మాణాన్ని చూపే పరీక్ష) ఒక్కటి చూసి శుద్ధమనేయడం నాకు నచ్చదు. ఒక శాతంలోపు మలినం అందులో దాక్కోగలదు, కానీ ఆ కాస్తా బాగా వెలిగేదైతే వెలుగు స్పెక్ట్రమ్‌లో (ఏ తరంగదైర్ఘ్యం దగ్గర ఎంత కాంతి ఉందో చూపే గీతలో) పెద్ద శిఖరమవుతుంది. హెచ్‌పీఎల్‌సీ (మిశ్రమాన్ని విడదీసి కొలిచే పద్ధతి), మాస్ స్పెక్ట్రమ్ (అణువుల బరువు చూపేది) కూడా చూడాలి. శుద్ధిచేసిన పదార్థాన్ని వెలుతురు తగలకుండా దాచాలి. లేకుంటే ఆక్సిజన్‌తో కలిసి వెలగని పెరాక్సైడ్‌గా మారుతుంది.

ఇక కొలత. ఎన్ని ఫోటాన్లు పీల్చుకుంటే ఎన్ని తిరిగి వచ్చాయన్నదే క్వాంటం ఈల్డ్. దాన్ని తెలిసిన పదార్థంతో పోల్చి లెక్కిస్తారు. 0.5 మోలార్ సల్ఫ్యూరిక్ ఆమ్లంలో క్వినైన్ సల్ఫేట్‌కు అది దాదాపు 0.54. రెండు ద్రావణాల శోషణ విలువా (కాంతిని ఎంతగా పీల్చుకుంటాయో చెప్పే అంకె) 0.1 దాటకూడదు. చిక్కగా ఉంటే ముందు పొరలే కాంతిని మింగేస్తాయి, వెలువడిన కాంతిని కూడా పక్క అణువులు మళ్లీ పీల్చుకుంటాయి. క్యువెట్ (ద్రావణం పోసే చిన్న చదరపు గొట్టం) నాలుగు వైపులా పారదర్శకంగా ఉండాలి. ద్రావణులు వేరైతే వక్రీభవన గుణకాల వర్గాల నిష్పత్తితో సరిదిద్దాలి. నీరు, సైక్లోహెక్సేన్‌ల మధ్య ఇది మరిస్తే ఫలితం పదమూడు, పద్నాలుగు శాతం తప్పుతుంది. ద్రావణంలోని ఆక్సిజన్ వెలుగును తగ్గిస్తుంది కాబట్టి నైట్రోజన్ పంపుతాం. అయితే ఆ బుడగలతో ద్రావణి ఆవిరై గాఢత మారిపోతుంది. నైట్రోజన్‌ను ముందు అదే ద్రావణి ఉన్న సీసాలోంచి పంపితే ఆ బెడద ఉండదు. అన్నీ సరిగా చేస్తే డైఫినైల్ ఆంత్రసీన్‌కు 0.9కి పైనే వస్తుంది. 1 దాటి 1.2 వచ్చిందంటే కొత్తది కనుక్కున్నట్టు కాదు, ఎక్కడో తప్పు జరిగినట్టు.

స్పెక్ట్రమ్‌లో దొంగ శిఖరాలూ ఉంటాయి. 350 నానోమీటర్ల కాంతితో వెలిగిస్తే చెదిరిన కాంతి దానికి రెట్టింపైన 700 దగ్గర మళ్లీ కనబడుతుంది. ద్రావణి అణువుల కంపనాల వల్ల శక్తి మారి చెదిరిన కాంతి, అంటే రామన్ శిఖరం, ఇంకొకటి. వెలిగించే తరంగదైర్ఘ్యాన్ని 10 నానోమీటర్లు జరిపి చూడండి: చెదిరిన కాంతి దానితోపాటే జరుగుతుంది, అసలు ఫ్లోరెసెన్స్ సాధారణంగా కదలదు. అంతకంటే గట్టి పరీక్ష ఉత్తేజన స్పెక్ట్రమ్. వెలుగును ఒకే చోట గమనిస్తూ, వెలిగించే తరంగదైర్ఘ్యాన్ని మారుస్తూ పోవాలి. అలా వచ్చిన గీత ఆ పదార్థపు శోషణ గీతతో సరిపోవాలి. సరిపోకపోతే వెలిగేది మలినమేమోనని మొదట అనుమానించాలి.

మీరు ఇంట్లో చేయగలిగింది ఒకటుంది. పెద్దవాళ్ల సాయంతో, టార్చి కళ్లలో పడకుండా చూసుకోండి. క్వినైన్ ఉన్న టానిక్ వాటర్‌ను రెండు గాజు గ్లాసుల్లో సమానంగా పోసి, చీకట్లో అతినీలలోహిత టార్చి వేయండి. రెండూ నీలంగా వెలుగుతాయి. ఒకదాంట్లో చెంచాడు ఉప్పు, రెండోదాంట్లో చెంచాడు చక్కెర కలపండి. ఉప్పు వేసింది మసకబారుతుంది, ఎందుకంటే క్లోరైడ్ అయాన్లు క్వినైన్ వెలుగును ఆర్పేస్తాయి. చక్కెర గ్లాసు లేకుంటే ఏదో ఒకటి కలిపినందుకే మసకబారిందేమోనన్న అనుమానం అలాగే ఉండిపోతుంది. గ్లాసుల కింద తెల్లకాగితం పెట్టకండి. తెల్లదనం కోసం అందులో కలిపే రసాయనాలు కూడా నీలంగానే వెలుగుతాయి. నల్లబట్ట పరచండి. ల్యాబులో క్వినైన్‌ను హైడ్రోక్లోరిక్ ఆమ్లంలో కాకుండా సల్ఫ్యూరిక్ ఆమ్లంలో ఎందుకు కరిగిస్తారో ఉప్పు గ్లాసు చూశాక మీరే చెప్పగలరు.

మీ తాతయ్య