తోటలో తేనెటీగల గుంపు: అపోహలు – వాస్తవాలు

తేనెటీగల గుంపులను పట్టి పెట్టెల్లోకి చేర్చడం నా పని. ఎవరు ఫోను చేసినా ముందు ఒకే మాట అడుగుతాను: ఈగల మధ్య మైనం పట్టు ఏమైనా కనిపిస్తోందా? అవి మజిలీ చేస్తున్నాయా, కాపురం పెట్టాయా అన్నది తేలాకే మిగతా మాటలు.

అపోహ: కొమ్మకు ముద్దగా వేలాడే గుంపు మీద పడటానికి కాచుకుని ఉంటుంది.

వాస్తవం: తేనెటీగలు మహా శాంతంగా ఉండేది అప్పుడే. గూడు కిక్కిరిసినప్పుడు పాత రాణి కూలి ఈగల్లో చాలా భాగాన్ని వెంటబెట్టుకుని బయటపడుతుంది. ఆ గూడు కొత్త రాణిది అవుతుంది. బయలుదేరే ముందే ఈగలు కడుపునిండా తేనె తాగుతాయి. కాపాడుకోవడానికి వాటికి పిల్లలు లేవు, నిల్వ తేనె లేదు. కాస్త ఎడంగా నిలబడి చూడండి. ఒకదాని కాళ్లు మరొకటి పట్టుకుని గొలుసుల్లా వేలాడుతుంటాయి. పైపొర మీద మాత్రం కొన్ని ఈగలు పొట్ట అదిలిస్తూ కొంత దూరం పరుగెత్తి, చుట్టూ తిరిగి వచ్చి, మళ్లీ అదే వైపు పరుగెడతాయి. కొత్త ఇల్లు ఎటు ఉందో, ఎంత దూరమో అవి చెబుతున్నాయి. 1949లో మార్టిన్ లిండావర్ అనే జర్మన్ శాస్త్రవేత్త ఇలా ఆడే ఈగల ఒంటి మీద మసి, ఇటుక పొడి చూశారు. పువ్వుల మీద వాలి వచ్చిన ఈగలకు మసి ఎందుకు అంటుతుంది? అవి గూటికి చోటు వెతికి వస్తున్నాయని ఆయన అలా పోల్చుకున్నారు. ఎక్కువ ఈగలు ఒకే చోటుకు మొగ్గాక గుంపంతా లేచిపోతుంది. దీనికి కొన్ని గంటలు, ఒక్కోసారి రెండు మూడు రోజులు పడుతుంది. అంతవరకు పిల్లలను, పెంపుడు జంతువులను అటు పోనివ్వకండి, చాలు.

పట్టు ఉంటే మాత్రం సంగతి వేరు. అక్కడ కావలి ఈగలుంటాయి. ఆసియాలోని కొండ తేనెటీగలు పట్టును తమ ఒంటితోనే కప్పేస్తాయి కాబట్టి అది కంటికి కనిపించదు. అవి రెచ్చిపోతే వందల సంఖ్యలో వెంటపడతాయి. వాటిపై ఏమాత్రం అనుమానం ఉన్నా దూరంగా ఉండి, పని తెలిసినవారిని పిలవండి.

అపోహ: మంట పెడితే, మందు కొడితే పీడ విరగడవుతుంది.

వాస్తవం: మేము వాడేది చల్లని పొగ. అది ఈగల హెచ్చరిక వాసనను కప్పేస్తుంది. మంట పెడితే కోపంతో లేచిన ఈగలు దారినపోయేవాళ్లను కుడతాయి. ఇక గోడలోని గూటికి మందు కొడితే ఈగలు చస్తాయి కానీ పట్టు లోపలే ఉండిపోతుంది. తేనె కారుతుంది, చీమలు, ఎలుకలు చేరతాయి. పట్టును కోసి తీయక తప్పదు. నిష్కారణంగా ఒక కుటుంబాన్ని చంపడం నాకు మింగుడుపడదు.

అపోహ: వెంటపడితే నీళ్లలో దూకాలి.

వాస్తవం: తల పైకెత్తేదాకా అవి అక్కడే తిరుగుతాయి. ముఖం కప్పుకుని ఇంట్లోకో కారులోకో పరుగెత్తి తలుపులు మూసుకోండి.

అపోహ: కొండిని గీకి తీయాలి, వేళ్లతో పట్టి లాగకూడదు.

వాస్తవం: ఎలా తీశామన్నది కాదు, ఎంత త్వరగా తీశామన్నదే ముఖ్యం. ఊడిపోయిన కొండితోపాటే విషపు తిత్తి కూడా ఉండి, విషాన్ని లోపలికి పంపుతూనే ఉంటుంది. గోరుతోనైనా సరే, వెంటనే లాగేయండి. కుట్టిన చోట వాపు మామూలే. ఊపిరి ఆడకపోయినా, నాలుకో గొంతో వాచినా, కళ్లు తిరిగినా, ఒళ్లంతా దద్దుర్లు లేచినా, చాలా ఈగలు కుట్టినా క్షణం ఆలస్యం చేయకుండా ఆసుపత్రికి తీసుకెళ్లాలి.