కురిచేడు చావుల్ని ఏ లెక్కలో రాస్తాం?

2020 కరోనా లాక్‌డౌన్ ప్రాణాలు కాపాడిందా, తీసిందా అని మళ్లీ గొడవ మొదలైంది. ఒక పక్షం ఎప్పటిలాగే రోడ్డు ప్రమాదాల లెక్క చూపిస్తోంది. ఆ లెక్క నిజమే. 2019లో దేశంలో రోడ్ల మీద 1,51,113 మంది పోతే 2020లో 1,31,714 మంది పోయారు. అదే ఏడాది ఆత్మహత్యలు మాత్రం 1,39,123 నుంచి 1,53,052కి పెరిగాయి. రోడ్ల మీద తగ్గిన చావుల్లోంచి పెరిగిన ఆత్మహత్యలు తీసేసి మిగిలింది లాభం అనుకునేవాళ్లు ఒకసారి కురిచేడు గుర్తుచేసుకోవాలి.

2020 జూలై ఆఖరు, ప్రకాశం జిల్లా. కేసులు పెరిగి ఊళ్లో కట్టడి పెట్టారు, మద్యం షాపులు మూసేశారు. సానిటైజర్‌ని నీళ్లలో, కూల్‌డ్రింకులో కలుపుకుని తాగి పది మందికి పైగా చనిపోయారు. వాళ్లలో గుడి దగ్గర అడుక్కునేవాళ్లున్నారు, కూలీలున్నారు. తాగుడుకి బానిసలు, షాపులు లేక ఇది తాగారు అన్నారు పోలీసులు. అది నిజమే కానీ అక్కడితో ఆగితే తప్పంతా పోయినవాళ్లదే అవుతుంది.

దేశమంతా లాక్‌డౌన్ మొదలైన మార్చి 25 సంగతి అందరికీ తెలుసు, వదిలేద్దాం. నా లెక్కలో అసలు మలుపు మే 4, 5 తేదీలు. నలభై రోజుల తర్వాత ఆంధ్ర ప్రభుత్వం మద్యం షాపులు తెరుస్తూ మొదటి రోజు 25 శాతం, మర్నాడు ఇంకో 50 శాతం రేట్లు పెంచింది. తాగుడు మాన్పించడానికే అన్నారు. రోజూ తాగేవాడికి మందు ఒక్కసారిగా ఆగిపోతే చేతులు వణుకుతాయి, నిద్ర పట్టదు, రెండు మూడు రోజుల్లో ఫిట్స్ వస్తాయి, లేనివి కనిపిస్తాయి, ఒక్కోసారి ప్రాణమే పోతుంది. ఇది జబ్బు, దీనికి డాక్టర్ కావాలి, మందులు కావాలి. మార్చి ఆఖర్లోనే హైదరాబాద్ ఎర్రగడ్డ మానసిక ఆసుపత్రికి ఇలాంటివాళ్లని ఇంట్లోవాళ్లు పట్టుకుని వరసగా తీసుకొచ్చారు. అంటే ఏం జరుగుతుందో మే నెలకి ముందే తెలుసు, అయినా పెంచింది రేట్లు. కూలీకి క్వార్టర్ అందకుండా పోయింది, సానిటైజర్ సీసా మాత్రం ప్రతి కొట్లోనూ ఉంది.

జూలై 27న కేంద్రం సానిటైజర్ అమ్మడానికి లైసెన్స్ అక్కర్లేదంది. మూడు రోజుల తర్వాత జరిగినదానికి అదే కారణం అనను, కానీ ఏం మూస్తున్నాం, ఏం తెరుస్తున్నాం అని ఎవరూ కలిపి చూడలేదని మాత్రం అంటాను. తర్వాత ఆ సానిటైజర్ తయారుచేసినవాళ్లని హైదరాబాద్‌లో పట్టుకున్నారు.

2021లో బళ్లు మళ్లీ తిరిగాయి, రోడ్డు చావులు 1,53,972కి చేరి 2019ని దాటేశాయి. ఆత్మహత్యలేమో తగ్గకపోగా 1,64,033 అయ్యాయి, అందులో ప్రతి నలుగురిలో ఒకరు రోజుకూలీ.