జింక కాలు నేలకేసి కొట్టిందంటే

బెజవాడ వాళ్ళకి మోత గురించి కొత్తగా చెప్పేదేముంది, సాయంత్రం బెంజి సర్కిల్ దగ్గర పది నిమిషాలు నిలబడితే తల దిమ్మెక్కిపోద్ది. కాకపోతే మనం ఇంటికొచ్చి తలుపేసుకుంటాం. జూలో జంతువుకి తలుపు ఉన్నా, అది తీయడం వెయ్యడం దాని చేతిలో లేదు.

మొన్న దసరా సెలవులకి అక్కావాళ్ళ పిల్లల్ని జూకి తీసుకెళ్ళా. చుక్కల జింకల కంచె దగ్గర ఇరవై మంది దాకా ఉన్నారు, ఈలలు, కేకలు, ఎవరి ఫోన్లోనో పాట. "మావయ్యా, మనల్నే చూస్తోంది!" అని చిన్నోడు సంబరపడ్డాడు. నిజమే చూస్తోంది, కానీ నోట్లో గడ్డి అలాగే ఉంది, నమలట్లేదు, చెవులు రెండూ చెరోవైపు తిరుగుతున్నాయి, ఇంతలో ముందుకాలు ఎత్తి నేలకేసి టక్కున కొట్టింది. అడవిలో పులి జాడ తెలిస్తే చుక్కల జింక చేసే పని అది, మందకి హెచ్చరిక. అక్కడైతే అవసరమైతే పారిపోద్ది, ఇక్కడ కాలు కొట్టి మళ్ళీ అక్కడే నిలబడింది.

భయం వేస్తే ఒంట్లో కార్టిసాల్ అనే హార్మోన్ పెరుగుద్ది. కాసేపైతే మంచిదే, పరిగెత్తడానికి శక్తినిస్తుంది, కానీ రోజూ అదే పరిస్థితి అయితే రోగనిరోధక శక్తి, సంతానం రెండూ దెబ్బతింటాయి. అమెరికాలో శాన్ డియేగో జూ వాళ్ళు రెండు పెద్ద పాండాల్ని నాలుగేళ్ళ పాటు గమనించి 2004లో ఆ వివరాలు ప్రచురించారు. మోత ఎక్కువున్న రోజుల్లో అవి ఒళ్ళు గోక్కోవడం, అరవడం పెరిగింది, మూత్రంలో ఈ రకం హార్మోన్లూ పెరిగాయి. అన్నిటికన్నా నన్ను పట్టుకున్న సంగతి ఒకటుంది, అవి లోపల గదికి వెళ్ళే తలుపు దగ్గరికి పోయి దాన్ని కదిలించేవట. పాలిచ్చే రోజుల్లో ఆడపాండాకి ఈ ఇబ్బంది మరీ ఎక్కువ.

ఇంకోటి, మన చెవికి అందేది 20 నుంచి 20,000 హెర్ట్జ్ (అంటే సెకనుకి అన్ని కంపనాలు) వరకే. పిల్లి 60,000 దాటి వింటుంది, ఏనుగు 20 కన్నా తక్కువవీ వింటుంది, అంటే మనకి నిశ్శబ్దంగా అనిపించే చోట కూడా వాటికి ఏదో ఒక మిషన్ రొద వినపడుతూ ఉండొచ్చు. దేవాంగపిల్లి, గుడ్లగూబ లాంటివి పగలు పడుకునే జీవాలు, మనం టికెట్ కొనుక్కుని వెళ్ళేది సరిగ్గా వాటి నిద్ర టైముకే.

అన్ని జంతువులూ ఒకేలా బెదరవు, కొన్ని అలవాటుపడతాయి కూడా. గుంటూరు పక్కన ఉప్పలపాడు చెరువులో గూడబాతులకైతే రెక్కలున్నాయి, నచ్చకపోతే లేచిపోతాయి. బోనులో ఉన్నదానికి కనీసం వెనక్కెళ్ళి దాక్కునే చోటు ఉండాలి, జనానికీ దానికీ మధ్య మట్టికట్ట వేస్తే చప్పుడు కొంత ఆగుద్ది. 1972 వన్యప్రాణి చట్టం సెక్షన్ 38జె అయితే జూలో చప్పుళ్ళు చేసి జంతువుల్ని ఇబ్బంది పెట్టకూడదని సూటిగానే చెప్తోంది.

ఆ గుంపు పులి వైపు వెళ్ళిపోయాక మేం అక్కడే కూర్చున్నాం, పిల్లల్ని మాట్లాడొద్దన్నా. చాలాసేపటికి చిన్నోడు నా చొక్కా లాగి చెవిలో అన్నాడు, "మావయ్యా, నములుతోంది."