సీనియర్ లివింగ్: బెంగళూరులోని తెలుగు కుటుంబాల అపోహలు, నేను చూసిన వాస్తవాలు

నేను నర్సింగ్ చదివి, కొంతకాలం ఆసుపత్రుల్లో పనిచేసి, 14 ఏళ్లుగా బెంగళూరు శివార్లలోని సీనియర్ లివింగ్ సముదాయాల్లో వృద్ధుల సంరక్షణ బాధ్యతలు చూస్తున్నాను. మా దగ్గర చేరే తెలుగువారిలో ఎక్కువమంది అనంతపురం, చిత్తూరు, కర్నూలు, నెల్లూరు వైపువారు. వారి పిల్లలు వైట్‌ఫీల్డ్‌లోనో సర్జాపూర్ రోడ్డులోనో ఉద్యోగాలు చేస్తుంటారు, లేదా విదేశాల్లో ఉంటారు. చేర్చడానికి వచ్చిన కుటుంబాలు నాతో అనే మాటల్లో కొన్ని మళ్లీ మళ్లీ వినబడుతుంటాయి. వాటిలో ఏది ఎంతవరకు నిజమో, నిజం కానిదాన్ని నమ్మినందువల్ల పెద్దవారికి ఏ కష్టం కలుగుతుందో ఇక్కడ రాస్తున్నాను.

అపోహ: ఇది పేరు మార్చుకున్న వృద్ధాశ్రమం, పిల్లలు వద్దనుకున్నవారే వస్తారు.

తల్లిదండ్రులు, వయోవృద్ధుల పోషణ, సంక్షేమ చట్టం 2007లో వచ్చింది. ఆ చట్టం చెప్పే వృద్ధాశ్రమం నిరుపేదల కోసం ఉద్దేశించినది. జిల్లాకు ఒకటైనా ఉండాలనీ, అందులో కనీసం 150 మందికి చోటుండాలనీ అందులో ఉంది. సీనియర్ లివింగ్ వేరు. ఇక్కడ ఇల్లు కొనుక్కుంటారు, లేదా డిపాజిట్ కట్టి లీజుకు తీసుకుంటారు, లేదా నెలవారీ అద్దెకు ఉంటారు. తమ పనులు తాము చేసుకోగలిగేవారికి ఒక విభాగం, స్నానానికీ మందులకూ సాయం కావలసినవారికి మరొకటి, డిమెన్షియా (జ్ఞాపకశక్తి, ఆలోచన క్రమంగా క్షీణించే జబ్బు) ఉన్నవారికి ఇంకొకటి ఉంటాయి. అన్ని చోట్లా మూడూ ఉండవు కాబట్టి, ఇవాళ నడవగలుగుతున్న మనిషికి రేపు మంచం పట్టే పరిస్థితి వస్తే ఇక్కడే ఉండనిస్తారా లేదా అన్నది మొదటి రోజే అడగవలసిన ప్రశ్న.

ఇష్టపడి, నాలుగు చోట్లు చూసుకుని, తమ పింఛనుతోనే వచ్చి చేరేవారు నాకు చాలామంది తెలుసు. వారు సాధారణంగా త్వరగానే కుదురుకుంటారు. కష్టమంతా అబద్ధం చెప్పి తీసుకువచ్చినప్పుడే. కొన్నేళ్ల క్రితం నెల్లూరు వైపు నుంచి ఒక విశ్రాంత ఉద్యోగిని ఆయన కుమారుడు "మోకాలి వైద్యం కోసం నెల రోజులే నాన్నా" అని చెప్పి చేర్చాడు. నెల గడిచింది. ఆయన రోజూ సాయంత్రం అయిదింటికి ఇస్త్రీ చొక్కా వేసుకుని, బట్టల సూట్‌కేసు పక్కన పెట్టుకుని, గేటుకు ఎదురుగా ఉన్న బల్ల మీద కూర్చునేవారు. చీకటి పడ్డాక మేమే నచ్చజెప్పి లోపలికి తీసుకువెళ్లేవాళ్లం. ఆరు వారాల తర్వాత కుమారుడు వచ్చి, ఆయన ఎదురుగా కూర్చుని, ఇంట్లో ఎందుకు చూసుకోలేకపోతున్నాడో ఉన్నదున్నట్టు చెప్పి, ఏడ్చాడు. పెద్దాయన కోప్పడ్డారు, రెండు రోజులు అన్నం ముట్టలేదు. మూడో రోజున సూట్‌కేసు విప్పి బట్టలు అలమారలో సర్దుకున్నారు. ఆ మాటలు ముందే చెప్పి ఉంటే ఆయనకు ఆ ఆరు వారాల ఎదురుచూపు ఉండేది కాదని నేను ఇప్పటికీ బాధపడతాను.

అపోహ: అమ్మకు ఇంగ్లీషు వచ్చు, కన్నడం కూడా అర్థమవుతుంది, భాష సమస్య కాదు.

నా ఉద్దేశంలో కుటుంబాలు అన్నింటికన్నా తక్కువగా అంచనా వేసేది ఇదే. బెంగళూరులో అటెండర్లుగా పనిచేసేవారిలో ఒడిశా, అస్సాం, జార్ఖండ్ నుంచి వచ్చిన పిల్లలు ఎక్కువ. వారు ఓపికగలవారు, పని నేర్చినవారు, కానీ వారికి తెలుగు రాదు. పెద్దవారు ఆరోగ్యంగా ఉన్నన్నాళ్లూ రెండు భాషలు కలిపి నెట్టుకొస్తారు. డిమెన్షియా ముదిరే కొద్దీ తర్వాత నేర్చుకున్న భాషలు ముందుగా జారిపోయి, చిన్ననాటి భాష మిగలడం తరచుగా చూస్తాం. ముప్పై ఏళ్లు ఇంగ్లీషులో పాఠాలు చెప్పిన ఉపాధ్యాయురాలు కూడా రాత్రి రెండింటికి నొప్పి వస్తే తెలుగులోనే చెబుతుంది.

మదనపల్లె వైపు నుంచి వచ్చిన ఒక అవ్వ ఉండేది. పగటిపూట అటెండరు అమ్మాయితో "బయటికి పోవాల" అనేది. ఆ అమ్మాయి అప్పటికి నేర్చుకున్న నాలుగు తెలుగు మాటల్లో "బయటికి" ఒకటి. అందుకని ప్రేమగా చేయి పట్టుకుని తోటలోకి తీసుకువెళ్లి పూలమొక్కలు చూపించేది. అవ్వ అడిగింది మరుగుదొడ్డికి వెళ్లాలని. పల్లెల్లో ఆ తరం ఆడవారు ఆ అవసరాన్ని అలాగే చెబుతారని ఒడియా అమ్మాయికి ఎలా తెలుస్తుంది? తోటలోనే చీర తడిసిపోయేది, అవ్వ సిగ్గుతో ముడుచుకుపోయేది. మూడుసార్లు అలా జరిగాక రికార్డులో మూత్రం మీద అదుపు లేదని రాసి డైపర్ వేయడం మొదలుపెట్టారు. నేను సెలవు నుంచి వచ్చి ఆ కాగితం చదివి, అవ్వ పక్కన కూర్చుని మాట్లాడాక అసలు సంగతి తెలిసింది. డైపర్ తీసేశాం. అవ్వకు అదుపు ఉంది, మాకు భాష లేదు, అంతే.

అప్పటి నుంచి తెలుగువారు ఎవరు చేరినా, వారి ఇంట్లో వాడే మాటలను కుటుంబం చేత రాయించి, పలికే తీరును హిందీ, ఇంగ్లీషు లిపుల్లో రాసి అలమార తలుపుకు అతికిస్తున్నాను. దప్పిక, వాంతి వచ్చేలా ఉండడం, కళ్లు తిరగడం, ఒంటికీ రెంటికీ, చలి, మంట, తీపు, పోటు. నొప్పికి ఎవరి ఇంట్లో ఏ మాట ఉందో మాకు తెలియదు, మీకు తెలుసు. మీ నాయనను ఏమని పిలిస్తే పలుకుతారో కూడా రాయండి. అంకుల్ అంటే తల తిప్పనివారు మాస్టారూ అనగానే ఇటు చూస్తారు.

అపోహ: డబ్బు కట్టాక అన్నీ వారే చూసుకుంటారు.

నెలసరి చార్జీలో సాధారణంగా గది, భోజనం, శుభ్రత, అత్యవసర గంట, నర్సు పర్యవేక్షణ ఉంటాయి. ప్రత్యేక అటెండరు, డైపర్లు, ఫిజియోథెరపీ, ఆసుపత్రిలో పక్కన ఉండే మనిషి చాలా చోట్ల విడిగా లెక్కిస్తారు. జీఎస్టీతో కలిపి మొత్తం ఎంతవుతుందో, ఏటా ఎంత పెంచుతారో కాగితం మీద చూసుకోవాలి. చూడడానికి వచ్చినవారు వంటగది, తోట, గ్రంథాలయం అన్నీ అడిగి చూస్తారు. రాత్రి రెండింటికి ఈ భవనంలో ఎంతమంది మేలుకుని ఉంటారు, అందులో నర్సు ఉంటుందా అని అడిగేవారు అరుదు. నన్నడిగితే మొదట ఆ ప్రశ్నే వేయమంటాను. ఏ ఆసుపత్రికి తీసుకువెళతారు, ఉదయం తొమ్మిదింటి రద్దీలో అక్కడికి చేరడానికి ఎంతసేపు పడుతుంది అన్నది రెండోది. పక్షవాతం వచ్చినప్పుడు గడ్డను కరిగించే ఇంజక్షన్‌ను లక్షణాలు మొదలైన నాలుగున్నర గంటల లోపలే ఇవ్వాలి. ఆ సమయంలో మన ఔటర్ రింగ్ రోడ్డు కూడా లెక్కలోకి వస్తుంది.

ఇంత చేసినా మేము చేయలేని పని ఒకటి ఉంది. ఆపరేషనుకు సమ్మతి తెలపవలసింది రోగి, ఆయన చెప్పలేని స్థితిలో ఉంటే కుటుంబం. ఒకసారి ఒక పెద్దాయన స్నానాల గదిలో పడి తుంటి ఎముక విరిగింది. అలాంటి విరుపుకు వీలైతే 48 గంటల లోపల శస్త్రచికిత్స జరగడం మంచిదని వైద్యులు చెబుతారు. ఒక కుమారుడు చేయించమన్నాడు, మరొకడు తాను వచ్చేదాకా ఆగమన్నాడు, కుమార్తె ఇంకో వైద్యుని అభిప్రాయం కావాలన్నది. నాలుగు రోజులు గడిచిపోయాయి. ఆపరేషన్ అయ్యాక ఆయన మళ్లీ నడవలేదు. ఆలస్యం వల్లనే అని చెప్పలేను గాని, ఆ నాలుగు రోజులూ ఆయన పడిన నొప్పిని నేను దగ్గరుండి చూశాను. అన్నదమ్ములు, అక్కచెల్లెళ్లలో ఎవరి మాట చివరి మాటో చేర్చే రోజునే తేల్చుకుని, ఆ పేరు, రెండు ఫోను నంబర్లు, పాలసీ కాగితాలు, వాడే మందుల జాబితా ఒకే ఫైలులో మాకు ఇవ్వండి.

ఈ సందర్భంలోనే ఇంకో మాట. చివరి దశలో వెంటిలేటర్ వంటివి వద్దనుకునేవారు ముందస్తు వైద్య నిర్దేశం రాసుకోవచ్చని సుప్రీంకోర్టు 2018లో తీర్పునిచ్చి, 2023లో ఆ పద్ధతిని సులభం చేసింది. ఇద్దరు సాక్షుల ముందు సంతకం చేసి, నోటరీ లేదా గెజిటెడ్ అధికారి చేత ధ్రువీకరించుకుంటే సరిపోతుంది. దాని అమలు కోసం కర్ణాటక ప్రభుత్వం 2025 జనవరిలో ఉత్తర్వులు ఇచ్చింది. ఈ విషయం ఎత్తితే పిల్లలు అశుభమని నోరు మూయిస్తారు. పెద్దవారు మాత్రం చాలా నిబ్బరంగా మాట్లాడతారు, అది నేను ఎన్నోసార్లు గమనించాను.

అపోహ: వయసు మీద పడితే మతిమరుపు, తికమక మామూలే.

కొత్తగా, రెండు మూడు రోజుల్లో వచ్చిన తికమకను వయసు మీదికి నెట్టకూడదు. మూత్రంలో ఇన్‌ఫెక్షన్, ఒంట్లో నీరు తగ్గడం, కొత్త మందు, మలబద్ధకం, రక్తంలో సోడియం పడిపోవడం, వీటిలో ఏదైనా కారణం కావచ్చు. ఇక్కడ నా తప్పు ఒకటి ఒప్పుకోవాలి. నేను గతంలో పనిచేసిన చోట, అమెరికాలో ఉన్న ఒక అమ్మాయి ఫోన్ చేసి, "మా అమ్మ నిన్నటి నుంచి నన్ను పిన్ని పేరుతో పిలుస్తోంది, మాట ముద్దగా ఉంది" అని చెప్పింది. సాయంత్రం అలసటలో ఉన్న నేను, ఆమెకు ముందే కొంత మరపు ఉంది కదా అని సర్దిచెప్పాను. మర్నాడు ఉదయం ఆమె మంచం మీద నుంచి లేవలేదు. సోడియం 118 వచ్చింది. అది 135 నుంచి 145 మధ్య ఉండాలి. రక్తపోటుకు వేసుకునే నీటి మాత్ర (మూత్రం ఎక్కువగా పోయేలా చేసేది) అందుకు కారణమని వైద్యులు తేల్చారు. ఆమె కోలుకుంది. ఏడు సముద్రాల అవతల ఉన్న కుమార్తె గొంతులోని మార్పును పట్టుకుంది, పక్క గదిలో ఉన్న నేను పట్టుకోలేదు. అప్పటి నుంచి "ఎందుకో అమ్మ తేడాగా ఉంది" అని కుటుంబం అంటే, ఆ మాటను రికార్డులో రాసి పరీక్షలు చేయిస్తున్నాను.

అపోహ: రోజూ ఫోన్ చేస్తున్నాం, బాగానే ఉన్నానంటున్నారు.

మన పెద్దవారు పిల్లలకు బాగానే ఉన్నానని తప్ప ఇంకోటి చెప్పరు. తిన్నావా అంటే తిన్నానంటారు. నెలనెలా తూచే బరువు ఎంతో మమ్మల్ని అడగండి. ఒక నెలలో ఒంటి బరువులో 5 శాతం తగ్గిందంటే ఏదో ఉంది. సాంబారులో బెల్లం నచ్చకపోవడం దగ్గర నుంచి వదులైన పళ్ల సెట్టు వరకు కారణం ఏదైనా కావచ్చు. చెప్పకుండా రండి, అదీ రాత్రి భోజనాల వేళ రండి. ఆవకాయ పంపించండి, కానీ ఎంత వడ్డించాలో మాకు చెప్పండి, ఎందుకంటే ఉప్పు తగ్గించమని వైద్యుడు చెప్పిన సంగతి వారు మాతో అనరు.

అపోహ: ఊళ్లో ఇల్లు అమ్మేసి వస్తే మనసు అటు లాగదు.

మొదటి ఏడాది అమ్మవద్దని నా సలహా. ముందుగా రెండు మూడు వారాలు అతిథిగా ఉండి చూడమనండి, చాలా సముదాయాలు అందుకు ఒప్పుకుంటాయి. ఆస్తిని పిల్లల పేరున రాయదలచుకుంటే, తమను చూసుకోవాలన్న షరతును ఆ దస్తావేజులోనే రాయించుకోవాలి. ఆ షరతు తప్పితే బదిలీని రద్దు చేయమని 2007 చట్టంలోని 23వ సెక్షన్ కింద ట్రిబ్యునల్‌ను కోరవచ్చు. డిపాజిట్ కట్టేటప్పుడు, మధ్యలో వెళ్లిపోయినా, దంపతుల్లో ఒకరు పోయినా ఎంత, ఎన్ని రోజుల్లో తిరిగి ఇస్తారో ఒప్పందంలో చదవండి. ఇల్లు కొన్నవారు, వారసులకు అరవై ఏళ్లు నిండకపోతే అందులో ఉండవచ్చా, లేక అమ్ముకోవడమే మార్గమా అన్నది చూసుకోవాలి. ఎవరైనా వేధిస్తున్నారనో, సలహా కావాలనో అనిపిస్తే వృద్ధుల కోసం ప్రభుత్వం పెట్టిన హెల్ప్‌లైన్ 14567 నంబరుకు పెద్దవారే నేరుగా ఫోన్ చేయవచ్చు. ఆ నంబరును వారి ఫోనులో ఎక్కించి, ఎలా నొక్కాలో చూపించి వెళ్లండి.

అపోహ: ఒకసారి చేర్చాక వెనక్కి తీసుకువెళ్లడం కుదరదు.

కుదురుతుంది. కిందటి ఏడాది ఒకావిడ ఏడు నెలలుండి, మనవరాలి పురిటి కోసం కుమార్తె ఇంటికి వెళ్లి, అక్కడే ఉండిపోయారు. ఇంకొకరు ఇంటికి వెళ్లి నాలుగు నెలల తర్వాత తనకు తానుగా ఫోన్ చేసి, "నా పాత గది ఖాళీగా ఉందా అమ్మా, కిటికీ తూర్పు వైపు ఉన్నది?" అని అడిగారు. ఆ గది ఖాళీగా లేదు. దాని పక్క గది ఇస్తే వచ్చి చేరారు. వెళ్లాలో ఉండాలో వారినే అడగండి, ఆరు నెలలకొకసారి మళ్లీ అడగండి.