జాజ్ కచేరీల గురించి నల్లగొండలో నాకు ఎదురయ్యే అపోహలు

నల్లగొండలో నెలకోసారి, చివరి శనివారం సాయంత్రం, 40 కుర్చీలు పట్టే హాల్లో కచేరీ పెడుతుంటాను. నేను వాయించేది సాక్సోఫోన్, నా సంగీతం జాజ్. కానీ ఆ సాయంత్రాల్లో డప్పు, క్లారినెట్, ఒగ్గు కథ కూడా ఉంటాయి. తమ ఊళ్లోనూ పెడదామని మిర్యాలగూడ నుంచో పాలమూరు నుంచో ఫోన్ చేసేవాళ్ల మాటల్లో కొన్ని అపోహలు మళ్లీ మళ్లీ వినిపిస్తాయి.

అపోహ: జాజ్ స్టార్ హోటళ్ల సంగీతం. మన దగ్గర ఎవరు వింటారు?

వాస్తవం: జాజ్ పుట్టింది అమెరికాలోని న్యూ ఆర్లీన్స్‌లో, ఆఫ్రికన్ అమెరికన్ల వాడల్లో. అక్కడ చావుకు బ్యాండు పెడతారు. శ్మశానం దాకా నెమ్మదిగా, బరువుగా వాయిస్తారు. తిరిగొచ్చేటప్పుడు హుషారైన పాట ఎత్తుకుంటారు, వెనకాల జనం ఆడుతూ నడుస్తారు. చావు డప్పూ బరాత్ బ్యాండూ తెలిసిన ఊరికి ఇది పరాయిది ఎలా అవుతుంది? క్లారినెట్, ట్రంపెట్, డ్రమ్ములు అక్కడా ఉన్నాయి, మన బ్యాండు మేళంలోనూ ఉన్నాయి. అందుకే మొదటి నెల నేను పట్నం వాళ్లను పిలవలేదు. ముప్పై ఏళ్లుగా బరాత్‌లలో క్లారినెట్ వాయిస్తున్న పెద్దాయన్ని పిలిచాను. జనం ముందు కుర్చీలో కూర్చుని వాయించడం తనకు అదే మొదటిసారి అన్నాడు. ఆ మాట నన్ను ఇప్పటికీ వదల్లేదు.

అపోహ: జాజ్ అంటే ఏది తోస్తే అది వాయించడం.

వాస్తవం: జాజ్‌కు వేరైన బ్లూస్ పాటలు తీసుకుంటే, మామూలుగా 12 బార్ల (తాళం కొలతల) చుట్టు. బార్‌కు 4 దెబ్బలు, మొత్తం 48. మధ్యలో ఎవరు ఎటు పోయినా చుట్టు మొదటికి వచ్చేసరికి అందరూ అక్కడ ఉండాలి. ఒగ్గు కథ చెప్పే ఆయన జనాన్ని చూసి ఒక ఘట్టాన్ని సాగదీస్తాడు, ఇంకోదాన్ని కుదిస్తాడు, వంతగాళ్లు వెంటనే అందుకుంటారు. ఆయనకు జాజ్ సంగతి చెప్పడానికి నాకు ఐదు నిమిషాలు కూడా పట్టలేదు.

రెండు వాద్యాలు పక్కపక్కన పెడితే చాలు, ఫ్యూజన్ (రెండు సంగీతాల కలయిక) అయిపోతుందనేది ఇంకో అపోహ. కిన్నెర అనే తీగ వాద్యం వాయించే దర్శనం మొగిలయ్య గారికి 2022లో పద్మశ్రీ వచ్చాక, ఆ కిన్నెర పక్కన డ్రమ్ సెట్ పెట్టమని చాలామంది అడిగారు. దయచేసి ఆ పని చేయకండి. కిన్నెరది సొరకాయ బుర్రల్లోంచి వచ్చే చిన్న గొంతు. డ్రమ్స్ మొదలైతే అది ఎవరికీ వినిపించదు.

అపోహ: కార్యక్రమం మధ్యలో ఖాళీ వస్తే జనం లేచిపోతారు.

వాస్తవం: ఒక డిసెంబర్ సాయంత్రం డప్పు వాయించే తమ్ముడు తన వంతు రాగానే "జర ఆగు సార్, కాచుకోవాలె" అని బయటికి వెళ్లాడు. చలికి తోలు మెత్తబడితే డప్పు మోగదు. హాలు వెనక జాగాలో వరిగడ్డి అంటించి, డప్పును మంట మీద తిప్పుతూ, వేలితో కొట్టి చూసుకుంటూ, మళ్లీ తిప్పుతూ కూర్చున్నాడు. నాకు ఒకటే టెన్షన్. ఇంతలో లోపలున్నవాళ్లు ఒక్కొక్కరే వచ్చి మంట చుట్టూ నిలబడ్డారు. చలికి సాక్సోఫోన్ శ్రుతి కూడా దిగుతుంది, ఊది వేడెక్కిస్తేనే పైకి వస్తుంది. నేనూ అక్కడే నిలబడి ఊదుకున్నాను. నెలనెలా పక్క కుర్చీల్లో కూర్చుని ఒకరి పేరు ఒకరు అడగనివాళ్లు ఆ పావుగంటలో మాట కలిపారు. ఇప్పుడు డప్పు ఉన్న రోజు ఆ పావుగంటను కార్యక్రమంలోనే రాసుకుంటున్నాం.

అపోహ: స్టేజీ ఇస్తున్నాం కదా, మళ్లీ డబ్బులెందుకు?

వాస్తవం: పెళ్లిళ్ల సీజన్ దాటితే బ్యాండు వాళ్లకు పని దొరకడం కష్టం. ఒప్పుకున్న డబ్బు వాయించకముందే చేతిలో పెట్టండి. చాలకపోతే సౌండ్ బాక్సులు తగ్గించండి, మనిషిని తగ్గించకండి. చిన్న హాలుకు పెద్ద బాక్సులు ఎలాగూ అక్కర్లేదు. మైకుకు అనుమతి తీసుకోండి, రాత్రి 10 లోపు ముగించండి.

పిల్లల్ని తేవొద్దని బోర్డు పెట్టమంటారు కొందరు. నేను కుర్చీల ముందు పిల్లలకు చాప వేయిస్తాను. జాజ్‌లో చప్పట్లు 2, 4 దెబ్బల మీద పడాలి. పెద్దవాళ్లకు ఒకటో దెబ్బకే చేయి లేస్తుంది. పిల్లలు డ్రమ్మర్ ఎడమ కాలితో తొక్కే తాళాలను చూస్తూ రెండో పాటకల్లా పట్టేసుకుంటారు. వెనక కుర్చీల్లో వాళ్లు ఆ చిన్న చేతులు చూసి చప్పట్లు కొడతారు.